నల్లగొండ ఎలక్ట్రీషియన్‌కు ఒంటారియో లైసెన్స్: ఎలా తెచ్చుకోవాలి

మిర్యాలగూడ, హాలియా, దేవరకొండ, జడ్చర్ల, నాగర్‌కర్నూల్ వైపు నుంచి ఫోన్ చేసే తమ్ముళ్లు దాదాపు అందరూ అడిగేది ఒక్కటే. "అన్నా, ఐటీఐ చేసిన, ఎనిమిదేండ్లు కరెంటు పని చేసిన, కెనడా వచ్చిన, ఇప్పుడు లైసెన్స్ ఎట్ల?" ఒక్కొక్కరికి గంట గంట చెప్తున్నాను, చెప్పినదాంట్లో సగం వాళ్లు మర్చిపోతున్నారు, మళ్లీ ఫోన్ చేస్తున్నారు. అందుకే మొత్తం ఒక్కచోట రాసి పెడుతున్నాను. నేను మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో పని నేర్చుకున్నవాణ్ణి, ఇప్పుడు ఒంటారియోలో 309ఏ అనే ఎలక్ట్రీషియన్ లైసెన్స్ మీద పని చేస్తున్నాను. కాబట్టి ఇక్కడ రాసేదంతా ఒంటారియో పద్ధతి. కెనడాలో ఈ లైసెన్స్ దేశం మొత్తానికి ఒక్కరే ఇవ్వరు, ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే ఇస్తుంది. అల్బర్టాకో బ్రిటిష్ కొలంబియాకో పోయేవాళ్లకు ఆఫీసు పేరు, ఫారాలు మారతాయి. కాగితాల సంగతి మాత్రం ఎక్కడైనా ఇంతే.

ఇంకా విమానం ఎక్కనివాళ్లు మొదటి మెట్టు రెండుసార్లు చదవండి. నేను చూసినంతలో మనవాళ్లు పని రాక ఆగిపోవడం తక్కువ, పని చేసినట్టు చూపించే కాగితం లేక ఆగిపోవడమే ఎక్కువ. ఆ కాగితం టొరంటోలో దొరకదు. మీరు పని చేసిన మిల్లులోనో, కాంట్రాక్టర్ దగ్గరో, లిఫ్ట్ ఇరిగేషన్ సైట్ ఆఫీసులోనో ఉంటుంది.

ముందు కొన్ని పేర్లు

ఒంటారియోలో ట్రేడ్ సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థ స్కిల్డ్ ట్రేడ్స్ ఒంటారియో. 2022 జనవరి 1 నుంచి ఈ పని దీని చేతిలో ఉంది, అంతకుముందు వేరే కాలేజీ పేరుతో ఉండేది. పాత వీడియోల్లో ఆ పేరు వినపడితే కంగారు పడకండి.

మనం లైసెన్స్ అనేదాన్ని అక్కడ సర్టిఫికెట్ ఆఫ్ క్వాలిఫికేషన్ అంటారు. బయటి దేశంలో పని నేర్చుకున్నవాళ్లు ఆ పరీక్షకు కూర్చోవాలంటే ముందు ట్రేడ్ ఈక్వివలెన్సీ అసెస్‌మెంట్ దాటాలి. అంటే మీ పాత అనుభవం అక్కడి అప్రెంటిస్ నేర్చుకునే పనికి సమానమా కాదా అని కాగితాలు చూసి తేల్చడం. కాగితాలు ఒప్పుకుంటే పరీక్ష, పరీక్ష పాసైతే సర్టిఫికెట్. దారి ఇంతే.

పీఆర్ (కెనడాలో శాశ్వతంగా ఉండే హక్కు) కోసం చేయించుకున్న డబ్ల్యూఈఎస్ రిపోర్టు, అంటే మీ చదువు అక్కడి ఏ చదువుకు సమానమో చెప్పే కాగితం, లైసెన్స్ కాదు. వీసా రావడం వేరు, వైరు ముట్టుకునే హక్కు రావడం వేరు. ఈ రెండూ ఒకటే అనుకుని వచ్చి గోడౌన్లలో డబ్బాలు మోస్తూ రెండేళ్లు పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- పాస్‌పోర్టు, వర్క్ పర్మిట్ లేదా పీఆర్ కాగితం
- పదో తరగతి మెమో
- ఐటీఐ నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్, మార్కుల మెమోలు. అప్రెంటిస్ చేసి ఉంటే ఆ సర్టిఫికెట్ కూడా
- వైర్‌మన్ పర్మిట్ లేదా సూపర్‌వైజర్ సర్టిఫికెట్ ఉంటే అది
- పని చేసిన ప్రతి చోటు నుంచి అనుభవ పత్రం
- ఆ పత్రానికి బలంగా జీతం స్లిప్పులు, పీఎఫ్ పాస్‌బుక్, బ్యాంకు స్టేట్‌మెంట్
- పేరులో తేడా ఉంటే నోటరీ అఫిడవిట్
- తెలుగులో ఉన్న ప్రతి కాగితానికి గుర్తింపు ఉన్న అనువాదకుడు చేసిన ఇంగ్లిష్ అనువాదం
- ఫీజులకు డబ్బు. నేను కట్టినప్పుడు అసెస్‌మెంట్‌కు 235 డాలర్లు, పరీక్షకు 150 డాలర్లు, రెండింటి మీదా 13 శాతం పన్ను. కట్టేముందు సైట్‌లో ఆ రోజు ఫీజు ఎంతుందో చూసుకోండి

1. ఊళ్లో ఉండగానే అనుభవ పత్రం రాయించుకోండి

మన దగ్గర మిల్లు గుమాస్తా రాసిచ్చే పత్రం ఎట్లా ఉంటుందో మీకు తెలుసు. "ఇతను మా మిల్లులో 2012 నుంచి 2018 వరకు ఎలక్ట్రీషియన్‌గా పని చేసెను. ఇతని నడవడిక మంచిది." కింద స్టాంపు, సంతకం. ఈ పత్రంతో అక్కడ ఏ పనీ జరగదు. చదివే అధికారి మీ నడవడిక చూడడు, ఎన్ని గంటలు పని చేశారు, ఏ పని చేశారు అని చూస్తాడు.

పత్రంలో ఉండాల్సినవి ఇవి. చేరిన తేదీ, మానేసిన తేదీ, రోజుతో సహా. పూర్తికాలమా కాదా, వారానికి ఎన్ని గంటలు. హోదా. ఆ తర్వాత చేసిన పనులు ఒక్కొక్కటిగా. రాసిచ్చినవారి పేరు, హోదా, ఫోన్, ఈమెయిల్, సంతకం. ఇంగ్లిష్‌లోనే రాయించండి, అనువాదం ఖర్చు తప్పుతుంది.

పనుల దగ్గర "ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్" అని ఒక్క ముక్కలో ముగించకండి. రైస్ మిల్లులో పని చేసినవాడు నిజంగా ఏం చేస్తాడో ఆలోచించండి. 415 వోల్టుల త్రీఫేజ్ ప్యానెల్ బోర్డులు బిగిస్తాడు. హల్లర్, పాలిషర్, ఎలివేటర్ మోటార్లకు డీఓఎల్ స్టార్టర్లు, పెద్ద మోటార్లకు స్టార్ డెల్టా స్టార్టర్లు కలుపుతాడు. కాంటాక్టర్ కాయిల్ కాలిపోతే మారుస్తాడు, ఓవర్‌లోడ్ రిలే సెట్ చేస్తాడు. కాండ్యూట్ లాగుతాడు, కేబుల్‌కు గ్లాండ్ వేసి లగ్ కొడతాడు. ఎర్త్ గుంత తీసి ఉప్పు, బొగ్గు వేసి ప్లేటు దించుతాడు. మెగ్గర్‌తో ఇన్సులేషన్ చూస్తాడు. జనరేటర్‌కు చేంజోవర్ పెడతాడు. కెపాసిటర్ ప్యానెల్ చూసుకుంటాడు. సేటు ఇంటికి, కూలీల క్వార్టర్లకు వైరింగ్ కూడా అతనే చేస్తాడు. ఇవన్నీ పత్రంలోకి రావాలి, మోటార్ ఎన్ని హార్స్‌పవర్, వోల్టేజ్ ఎంత అనేవాటితో సహా. ఇళ్ల వైరింగ్ పని చిన్నదని చాలామంది వదిలేస్తారు, కానీ 309ఏలో ఇళ్ల పని పెద్ద భాగం, అది లేకపోతే మీ ఫైల్లో అక్కడ ఖాళీ కనపడుతుంది.

స్కిల్డ్ ట్రేడ్స్ ఒంటారియో సైట్‌లో 309ఏ ట్రైనింగ్ స్టాండర్డ్ అని ఒక పుస్తకం ఉచితంగా దొరుకుతుంది. అప్రెంటిస్ ఏ ఏ పనులు నేర్చుకోవాలో అందులో వరుసగా ఉంటుంది. దాన్ని ముందు పెట్టుకుని, మీరు నిజంగా చేసిన పనులకు టిక్ పెట్టుకుని, ఆ మాటల్లోనే పత్రం డ్రాఫ్ట్ తయారు చేసి సేటు దగ్గరికి తీసుకెళ్లండి. ఆయన చదివి, నిజమని ఒప్పుకుని సంతకం పెడతాడు. చెయ్యని పని మాత్రం ఒక్కటి కూడా రాయకండి.

లెటర్‌హెడ్ లేని చిన్న మిల్లు అయితే జీఎస్టీ నంబర్, చిరునామా ఉన్న బిల్లు బుక్కు కాగితమైనా పనికొస్తుంది, స్టాంపు తప్పనిసరిగా వేయించండి. పత్రంలో రాసిన నంబర్‌కు ఫోన్ వస్తే ఎత్తేది ఎవరో వాళ్లకు ముందే చెప్పి ఉంచండి. కెనడా నుంచి ఫోనొస్తే మోసగాళ్లేమో అని పెట్టేసిన గుమాస్తాలున్నారు.

నా అనుభవం చెప్తాను. నేను ఆరేళ్లు పని చేసిన ఒక మిల్లు నుంచి రెండు లైన్ల పత్రం పట్టుకుని వచ్చేశాను. అది చాలదని ఇక్కడికొచ్చాక తెలిసింది. అప్పటికి ఆ మిల్లు లీజుకు పోయింది, కొత్తవాళ్లు "మాకు తెల్వదు" అన్నారు, పాత గుమాస్తా పని మానేసి కూతురి ఊరికి వెళ్లిపోయాడు. మా తమ్ముడు బండి మీద తిరిగి తిరిగి పాత ఓనర్‌ను పట్టుకుని సంతకం పెట్టించేసరికి ఏడు నెలలు పట్టింది. ఊరు దాటకముందు అదే పని ఒక్క పూటలో అయ్యేది.

సొంతంగా పని చేసినవాళ్లు, అంటే ఊళ్లలో ఇళ్ల వైరింగ్, బోరు మోటార్లు, స్టార్టర్ బాక్సులు చూసుకున్నవాళ్లు, ఇంకా ముందే మొదలుపెట్టాలి. మీకు పత్రం రాసిచ్చే ఓనర్ ఉండడు. బిల్లు బుక్కులు, ఎలక్ట్రికల్ షాపులో మీ పేరు మీద సామాను కొన్న బిల్లులు, మీరు వైరింగ్ చేసిన ఇళ్లవాళ్ల, ఫంక్షన్ హాలువాళ్ల ఉత్తరాలు, బ్యాంకులో పడ్డ డబ్బు లెక్క, వీటన్నిటికీ తోడు ప్రమాణపత్రం పెట్టాలి. గల్ఫ్‌లో పని చేసినవాళ్లు ఆ కంపెనీ పత్రాన్ని వీసా క్యాన్సిల్ కాకముందే తీసుకోండి, తర్వాత ఫోన్లకు దొరకరు. ఆ గంటలు కూడా లెక్కలోకి వస్తాయి.

2. పేర్లు ఒకటి చేసుకోండి

మనకు ఇది పెద్ద తలనొప్పి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, ఐటీఐ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో వెనక, మిల్లు పత్రంలో ఇంటిపేరే లేకుండా పిలుపు పేరు. చూసే అధికారికి ఇవి నలుగురు మనుషులు. పాస్‌పోర్టులో పేరు ఎట్లా ఉందో అచ్చం అట్లాగే కొత్తగా తీసుకునే ప్రతి పత్రంలో రాయించండి. పాతవాటికి ఈ పేర్లన్నీ ఒకే మనిషివని నోటరీ అఫిడవిట్ చేయించి ప్రతి సెట్టుకూ జత చేయండి. పుట్టిన తేదీలో తేడా ఉంటే దాన్ని అఫిడవిట్‌తో సరిపెట్టకండి, ఉన్న ఊళ్లోనే సరి చేయించుకోండి.

3. ఏ ట్రేడ్‌కు వెళ్లాలో తేల్చుకోండి

మూడున్నాయి. 309ఏ అంటే కన్‌స్ట్రక్షన్ అండ్ మెయింటెనెన్స్, ఇళ్లు, షాపులు, ఫ్యాక్టరీలు అన్నీ వస్తాయి. 309సి ఇళ్లు, పల్లె పొలాల వరకే. 442ఏ ఇండస్ట్రియల్. మొదటి రెండూ తప్పనిసరి ట్రేడ్లు, అంటే సర్టిఫికెట్ లేకుండా, రిజిస్టరైన అప్రెంటిస్ కాకుండా ఆ పని చేస్తే చట్టానికి విరుద్ధం. 442ఏ తప్పనిసరి కాదు.

మన మిల్లుల నుంచి, లిఫ్ట్ ఇరిగేషన్ పంపుహౌసుల నుంచి, సిమెంటు ఫ్యాక్టరీల నుంచి వచ్చినవాళ్ల అనుభవం మొత్తం మోటార్లు, ప్యానెళ్లే అయితే 442ఏ దగ్గరగా సరిపోతుంది. నా సలహా మాత్రం, ఇళ్ల వైరింగ్ కూడా చేసి ఉంటే 309ఏకే వెళ్లండి. పని ఎక్కువ దొరుకుతుంది. రెడ్ సీల్ (కెనడాలో వేరే రాష్ట్రాలూ ఒప్పుకునే ముద్ర) 442ఏ లాగే దీనికీ ఉంటుంది కాబట్టి రేపు వేరే రాష్ట్రానికి మారినా అక్కడ ఒప్పుకుంటారు.

4. గంటల లెక్క వేయండి

309ఏ అప్రెంటిస్‌షిప్ 9,000 గంటలు. అందులో 8,280 పని, 720 క్లాసు. మీ అనుభవాన్ని కొలిచేది ఈ గీటురాయి మీదే.

వారానికి 48 గంటలు, ఏడాదికి 50 వారాలు అనుకుంటే 2,400 గంటలు. 9,000ను 2,400తో భాగిస్తే మూడు ముప్పావు ఏళ్లు. కాబట్టి ఐదేళ్ల కాగితం గట్టిగా ఉంటే చాలు, పదిహేనేళ్లు చూపించాలని ఆరాటపడక్కర్లేదు.

ఇక్కడ చేసే తప్పు, సీజన్లో మిల్లు రాత్రింబవళ్లు నడిచింది కదా అని రోజుకు 12 గంటలు, 365 రోజులు అని రాయించడం. అంటే ఏడాదికి 4,380 గంటలు. ఒక్క సెలవు లేకుండా ఆరేళ్లు పని చేశానంటే ఎవరు నమ్ముతారు? ఓవర్‌టైమ్ నిజంగా చేసి, జీతం స్లిప్పులో కనపడితేనే కలపండి. స్టోర్‌లో కూర్చున్న కాలం, సూపర్‌వైజర్‌గా చేతులతో పని చెయ్యని కాలం విడిగా చూపించండి.

దొంగ పత్రాల జోలికి వెళ్లకండి. డబ్బులిస్తే అనుభవ పత్రం తయారు చేసి ఇస్తామనేవాళ్లు మన దగ్గరా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు. ఇమ్మిగ్రేషన్ దరఖాస్తులో అబద్ధం బయటపడితే కెనడా ఐదేళ్లు రానివ్వదు.

5. దరఖాస్తు పెట్టండి

ఫారం నింపి, కాగితాల కాపీలు జత చేసి, ఫీజు కట్టడమే. ముందు మీరే అధికారి అనుకుని మీ ఫైల్ చూసుకోండి. ఒక తెల్లకాగితం మీద మూడు గడులు గీసి, ప్రతి ఉద్యోగానికి తేదీలు, గంటలు, రుజువు రాయండి. ఫారంలో ఒక తేదీ, పత్రంలో ఇంకో తేదీ, పీఎఫ్ పాస్‌బుక్‌లో మూడో తేదీ ఉంటే పంపకముందే సరి చేసుకోండి. నెల తేడా కూడా అనుమానమే తెస్తుంది.

పంపిన ప్రతి కాగితం స్కాన్ చేసి పెట్టుకోండి. ఒరిజినల్ అడగని చోట ఒరిజినల్ పంపకండి.

6. జవాబు వచ్చేలోపు ఖాళీగా ఉండకండి

ఈ టైంలో చాలామంది టెన్షన్‌తో మెయిల్ చూసుకుంటూ కూర్చుంటారు. చేసుకోవాల్సిన పనులున్నాయి. ఒంటారియోలో కన్‌స్ట్రక్షన్ సైట్‌లో ఎత్తులో పని చేయాలంటే వర్కింగ్ ఎట్ హైట్స్ ట్రైనింగ్ తప్పనిసరి, మూడేళ్లు చెల్లుతుంది. డబ్ల్యూహెచ్‌ఎంఐఎస్ (పనిచోట ప్రమాదకరమైన రసాయనాల గురించి చెప్పే ట్రైనింగ్) కూడా చేసుకోండి. ఇవి చేతిలో ఉన్నవాణ్ణి ఓనర్ ముందు పిలుస్తాడు.

ఈలోపు మనవాళ్లెవరో "మా ఇంట్లో బేస్‌మెంట్ వైరింగ్ చేసి పెట్టు అన్నా, క్యాష్ ఇస్తా" అంటారు. ఒప్పుకోకండి. మీకు ఎంత పని వచ్చినా ఒప్పుకోకండి. రేపు ఆ ఇంట్లో మంటలు వస్తే మీ లైసెన్సే కాదు, మీ పీఆర్ కూడా మాటల్లోకి వస్తుంది.

చట్టబద్ధంగా చేతులు ఆడాలంటే ఏదైనా ఎలక్ట్రికల్ కంపెనీలో అప్రెంటిస్‌గా రిజిస్టర్ కావచ్చు. జీతం తక్కువ, మీకంటే పదేళ్లు చిన్నవాడు పని చెప్తాడు. అయినా సిగ్గుపడాల్సిన పని లేదు, కోడ్ (ఇక్కడి వైరింగ్ రూళ్ల పుస్తకం) చేతికి అలవాటయ్యే దారి అదే.

7. మన అలవాట్లు మార్చుకుంటూ చదవండి

పరీక్ష సగం కోడ్ పుస్తకం. కెనడియన్ ఎలక్ట్రికల్ కోడ్ మూడేళ్లకోసారి కొత్త ఎడిషన్ వస్తుంది, మీ పరీక్ష ఏ ఎడిషన్ మీదో కనుక్కునే కొనండి. పాతది చవకగా దొరికిందని కొనకండి.

అన్నిటికంటే ముందు రంగులు. మనకు నలుపు అంటే న్యూట్రల్. ఇక్కడ ఇంటి వైరింగ్‌లో నలుపు అంటే ఫేజ్, తెలుపు న్యూట్రల్, పచ్చ లేదా ఉత్త రాగి తీగ ఎర్త్. నేను అప్రెంటిస్‌గా చేరిన మొదటి వారం ఒక స్విచ్ బాక్స్ మూత తీశాను. లోపల నల్ల తీగ, తెల్ల తీగ, ఉత్త రాగి తీగ. నా చెయ్యి దానంతట అదే నల్ల తీగ వైపు పోయింది, మిల్లులో పదేళ్లు న్యూట్రల్ అని పట్టుకున్న రంగు అది. పక్కనున్న సీనియర్ నా మణికట్టు పట్టుకుని ఆపాడు, మీటర్ పెట్టి చూపించాడు, 120 వోల్టులు. పాత ఇళ్లలో ఇంకో చిక్కుంది, స్విచ్‌కు దిగే కేబుల్లో తెల్ల తీగలోనూ కరెంటు ఉండొచ్చు. అందుకే రంగును నమ్మకండి, మీటర్‌ను నమ్మండి. జేబులో పెట్టుకునే స్క్రూడ్రైవర్ టెస్టర్‌ను ఇంట్లో వదిలేసి రండి.

త్రీఫేజ్‌లో మన ఎరుపు, పసుపు, నీలం పోయి ఎరుపు, నలుపు, నీలం వస్తాయి. ఇళ్లలో 120/240, పెద్ద బిల్డింగుల్లో 120/208, ఇంకా 347/600 వోల్టులు. లైట్ సర్క్యూట్ కదా అని తేలిగ్గా తీసుకున్న చోట 347 ఉంటుంది, జాగ్రత్త. ఫ్రీక్వెన్సీ 60 హెర్ట్జ్ కాబట్టి నాలుగు పోళ్ల మోటార్ సింక్రనస్ స్పీడ్ 1,500 కాదు, 1,800. మనవాళ్లు అలవాటుగా 1,500 టిక్ పెట్టి వచ్చే ప్రశ్న ఇది.

వైరు సైజు ఎంఎంలో ఉండదు, గేజ్‌లో ఉంటుంది. నంబర్ తగ్గేకొద్దీ తీగ లావవుతుంది. మోటార్ వైండింగ్ చేసినవాళ్లకు ఇది కొత్త కాదు, మనం గేజ్ చూసే తీగ చుడతాం కదా, లెక్క అటే నడుస్తుంది. గుర్తుకు, 14 గేజ్ రాగికి 15 ఆంప్స్ బ్రేకర్, 12కు 20, 10కి 30.

షాక్ కొట్టకుండా కరెంటు లీకైతే పడిపోయే స్విచ్‌గా మనం 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ పెడతాం, ఇక్కడ సింకు పక్క ప్లగ్గుకు పెట్టే జీఎఫ్‌సీఐ సుమారు 5 మిల్లీ ఆంప్స్‌కే పడిపోతుంది.

లాకౌట్ గురించి. మిల్లులో మనం ఏం చేసేవాళ్లం? కిట్‌క్యాట్ ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకుని పైకి ఎక్కేవాళ్లం. నేను దిగేదాకా ఎవరూ లైన్ ఇవ్వలేరన్న ధీమా అది. ఇక్కడ బ్రేకర్‌కు మీ సొంత తాళం, మీ పేరు ఉన్న ట్యాగు, తాళంచెవి మీ జేబులో. ఆ తర్వాత మీటర్‌తో చూసి కరెంటు లేదని తేల్చుకోవడం. ఆలోచన ఒకటే కాబట్టి ఇది మనకు తొందరగానే ఎక్కుతుంది, ఒక్క రోజు కూడా మానకండి.

లెక్కల్లో ఒక ఉచ్చు చూపిస్తాను. 150 చదరపు మీటర్ల ఇల్లు, 12 కిలోవాట్ల ఎలక్ట్రిక్ పొయ్యి, ఇంకేమీ లేవు. సర్వీస్, అంటే ఇంటికి వచ్చే మెయిన్ లైన్, ఎన్ని ఆంప్స్‌ది కావాలి? మొదటి 90 చదరపు మీటర్లకు 5,000 వాట్లు, మిగిలిన 60కి, అది ఇంకో 90లో కొంత భాగమే అయినా, 1,000. పొయ్యికి 6,000. మొత్తం 12,000. 240తో భాగిస్తే 50 ఆంప్స్. ఇక్కడితో ఆపి 50 టిక్ పెడితే తప్పు. 80 చదరపు మీటర్లు, అంతకు మించిన ఇంటికి కనీసం 24,000 వాట్లు, అంటే 100 ఆంప్స్ ఉండాలని అదే రూల్లో కింద రాసి ఉంది. జవాబు 100. కోడ్‌లో ప్రతి రూలు చివరిదాకా చదవాలి అనేది ఇందుకే.

చదివేటప్పుడు సెక్షన్ 8 లోడ్లకు, 10 గ్రౌండింగ్‌కు, 12 వైరింగ్ పద్ధతులకు, 26 ఎలక్ట్రికల్ సామాను బిగించడానికి, 28 మోటార్లకు అని గుర్తుంచుకోండి. రూళ్లు బట్టీ పట్టక్కర్లేదు, ఎక్కడున్నాయో వెతకడం రావాలి. టేబుల్ 2 రాగి కేబుల్ కెపాసిటీ, 5సి ఒకే పైపులో తీగలు ఎక్కువైతే తగ్గించే లెక్క. పైపులో నాలుగు నుంచి ఆరు తీగలుంటే 80 శాతం, ఏడు నుంచి 24 ఉంటే 70.

8. పరీక్ష

వంద ప్రశ్నలు, నాలుగు ఆప్షన్లు, నాలుగు గంటలు, 70 వస్తే పాస్. కోడ్ పుస్తకం చూసుకోవచ్చు, అయితే మీరు గీతలు గీసుకున్నది కాదు, హాల్లో ఇచ్చేది. అందుకే ఇంట్లో ఏ గుర్తులూ లేని పుస్తకంతో ప్రాక్టీస్ చేయండి.

మొదటిసారి నేను ఫెయిలయ్యాను. పని రాక కాదు. ప్రతి ప్రశ్నకూ పుస్తకం తెరిచాను, చివరి పదిహేను ప్రశ్నలకు టైం లేదు. ఒక్క ప్రశ్నకు రెండున్నర నిమిషాలు కూడా రావు. రెండోసారి తెలిసినవన్నీ పుస్తకం ముట్టకుండా ముందు పెట్టేశాను, వెతకాల్సినవి గుర్తు పెట్టుకుని రెండో రౌండ్‌లో చూశాను. ఫైర్ అలారం, డేటా కేబులింగ్ మీద ప్రశ్నలు మనవాళ్లకు కష్టం, మిల్లుల్లో ఆ పని ఉండదు. ఆ భాగానికి ఒక నెల విడిగా కేటాయించండి.

మీరు తయారయ్యారా లేదా తెలుసుకోవాలంటే ఒక పద్ధతి. వంద ప్రశ్నల మోడల్ పేపర్ తీసుకుని, ఫోన్ పక్క గదిలో పెట్టి, నాలుగు గంటలు ఒకే కూర్చోవడంలో రాయండి. వరుసగా మూడు వేర్వేరు పేపర్లలో 80 దాటితే డేటు బుక్ చేసుకోండి. 72, 73 వస్తుంటే ఆగండి.

9. కాదంటే ఏం చేయాలి

అసెస్‌మెంట్‌లో కాదంటే కారణం రాసి పంపుతారు. గంటలు చాలలేదా, పనుల వివరం చాలలేదా అనేది చూడండి. రెండోదైతే కొత్త పత్రాలతో మళ్లీ పెట్టవచ్చు. నిజంగానే గంటలు లేకపోతే అప్రెంటిస్‌గా చేరడమే మంచి దారి, అది ఓటమి కాదు, రెండేళ్లకో మూడేళ్లకో అదే పరీక్షకు చేరతారు. పరీక్ష ఫెయిలైతే ఏ భాగంలో తగ్గిందో రిజల్టులో కనపడుతుంది. ఆ కాగితం గోడకు అంటించి ఆ భాగమే చదవండి, మొత్తం మళ్లీ మొదటి నుంచి కాదు.

లైసెన్స్ గ్యారంటీ అని డబ్బులు అడిగే ఏజెంట్లకు రూపాయి ఇవ్వకండి. ఫారం నింపడంలో సాయానికి ఫీజు తీసుకుంటే అది వేరు. ఫలితం ఎవరూ అమ్మలేరు.

10. సర్టిఫికెట్ వచ్చాక సరిచూసుకోండి

స్కిల్డ్ ట్రేడ్స్ ఒంటారియో సైట్‌లో పబ్లిక్ రిజిస్టర్ ఉంది. అందులో మీ పేరు వెతకండి. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందా, ట్రేడ్ 309ఏ అనే ఉందా, స్టేటస్ యాక్టివ్‌గా ఉందా చూడండి. ఓనర్లు కూడా అక్కడే చూస్తారు. రెన్యూవల్ తేదీ ఫోన్లో అలారం పెట్టుకోండి, గడువు దాటితే పనిలో నిలబడి ఉండగానే ఆపేస్తారు.

ఇంకొకటి. ఈ సర్టిఫికెట్‌తో కంపెనీలో ఎలక్ట్రీషియన్‌గా చేయవచ్చు, కానీ సొంతంగా ఇళ్ల పనులు ఒప్పుకుని బిల్లు వేయడానికి ఇది చాలదు. దానికి ఎలక్ట్రికల్ సేఫ్టీ అథారిటీ దగ్గర కాంట్రాక్టర్ లైసెన్స్, దానికొక మాస్టర్ ఎలక్ట్రీషియన్ ఉండాలి. మాస్టర్ పరీక్షకు సర్టిఫికెట్ వచ్చాక కనీసం మూడేళ్ల పని కావాలి. కాబట్టి మొదటి రోజు నుంచే ఇక్కడి గంటలు, ఇక్కడి ఓనర్ సంతకంతో, ఒక ఫైల్‌లో పెట్టుకుంటూ రండి. ఈసారి ఆ పత్రం కోసం మళ్లీ ఏడు నెలలు తిరగక్కర్లేదు.